నాలుగో సీటు గొంతు

కరెంటు ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గది. మధ్యాహ్నం షిఫ్టు. నాలుగో సీటు.

“సంతకం పెట్టను.”

“అక్కా, చదవకుండానే పెట్టనంటే ఎలా?”

“చూపు లేని మనిషి ముందు కాగితం పెట్టి చదవమంటున్నారు, మీకు న్యాయంగా ఉందా సూపర్‌వైజర్ గారూ? మెయిల్లో పంపి ఉంటే నా కంప్యూటరు చదివి వినిపించేది. వినిపిస్తుందనేనా కాగితం తెచ్చారు?”

“అదేం కాదు. సరే, నేనే చదువుతాను. ‘నాలుగో సీటులోని పాత కంప్యూటరును ఈ సాయంత్రం ఆరు గంటలలోగా తొలగించి, కొత్త కంపెనీ సిస్టమ్‌ను అమర్చవలెను. సదరు సీటు ఆపరేటరును…’”

“ఆగారేం?”

“దగ్గొచ్చింది.”

“దగ్గండి. దగ్గాక చదవండి. సదరు ఆపరేటరును?”

“‘…రికార్డు రూముకు మార్చవలెను.’”

“ఇరవై ఏళ్లుగా ఫోనెత్తుతున్న మనిషిని కాగితాల గదికా? అక్కడ నాకేం పని? ఫైలు వాసన చూసి ఏ సంవత్సరానిదో చెప్పాలా?”

“పనేమీ ఉండదక్కా. హాయిగా కూర్చోవచ్చు. జీతం మామూలే.”

“అదే ఒళ్లు మండేది. కూర్చోబెట్టి మేపడానికి నేనేం ఇంటికొచ్చిన చుట్టాన్నా?”

“నా మీద అరవకండి. పైనుంచి వచ్చింది.”

“మీకన్నీ పైనుంచే వస్తాయి. వానా, మీరూ ఒకటే.”

“కొత్త సిస్టమ్ చూపు లేనివాళ్లకి చదివి వినిపించదట. మీ గురించి నేను ప్రత్యేకంగా అడిగాను. ‘ఆ సౌకర్యం ప్రస్తుతానికి లేదు’ అన్నారు. నేనేం చేయను?”

“ఉన్నదాన్ని పీకి లేనిదాన్ని పెట్టడమెందుకని అడగాల్సింది.”

“మీ డబ్బా పదేళ్లదక్కా! అమ్మిన కంపెనీయే ‘ఇక దీనికి మా సిస్టమ్ ఎక్కదు, పారేయండి’ అని చేతులు దులుపుకుంది.”

“దులుపుకుంటే నేను పారేశానా? వాళ్ల సిస్టమ్ తుడిచేసి, అందరికీ ఊరికే ఇచ్చే సిస్టమ్ ఎక్కించుకున్నాను. ఆరేళ్లయింది. ఒక్కరోజు మొరాయించిందా? ఫిర్యాదులు రాసే ఫారం అందులో తెరుచుకోనందా?”

“తెరుచుకుంటుంది, కాదనను. కానీ ఊరికే వచ్చినదానికి పూచీ ఎవరు? రేపు ఏదైనా అయితే ఎవరి కాలరు పట్టుకోవాలి?”

“కొన్నవాటి కాలరు మీరు ఎన్నిసార్లు పట్టుకున్నారు? మూడు నెలల కిందటి గాలివాన మరిచిపోయారా? ఊరంతా చీకటి. పన్నెండు ఫోన్లూ మోగుతున్నాయి. పదకొండు కంప్యూటర్లు మాత్రం ‘అప్‌డేట్ అవుతోంది, దయచేసి ఆపవద్దు’ అని ధ్యానంలోకి వెళ్లిపోయాయి. ఆపరేటర్లంతా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ పూట ఫోన్లు ఎవరు తీశారు?”

“మీరే.”

“ఎన్ని?”

“నాలుగు వందల పన్నెండు. నేనే కదక్కా మీకు నీళ్లు తెచ్చిచ్చాను.”

“తెచ్చారు. ఇవాళ ఈ కాగితం తెచ్చారు.”

“ఇంకోటి కూడా ఉంది. చెప్పాలంటేనే భయంగా ఉంది.”

“చెప్పండి. వచ్చింది వడ్డించేయండి.”

“మీ ఫోను. హాజరు యాప్ మీ ఫోన్లోకి ఎక్కనంటోందట. ‘గుర్తించని ఫోన్’ అని వస్తోందట.”

“గేటు దగ్గర రిజిస్టరులో రోజూ సంతకం పెడుతున్నాను. ఒక్కరోజు ఆలస్యంగా వచ్చానా?”

“లేదు. కానీ యాప్‌కి మీ ఫోను నచ్చలేదు.”

“నా ఫోనుకీ ఆ యాప్ నచ్చలేదు. సంబంధం కుదరలేదనుకోండి.”

“నవ్వులాట కాదక్కా.”

“నేనూ నవ్వడం లేదు. అది ఇంటికెళ్లాక కూడా నేనెక్కడున్నానో చూస్తూనే ఉంటుంది. ఫోను నేను కొనుక్కున్నది. లోపల ఎవరు కాపురముండాలో నేను చెప్తాను. ఇల్లు కొనుక్కుని తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉంచేస్తామా? అందుకే అందులోనూ ఊరికే ఇచ్చే సిస్టమే పెట్టుకున్నాను… ఆగండి, ఫోను. నమస్కారం, కరెంటు ఫిర్యాదులు. తీగ తెగిందా? ఎక్కడ? స్కూలు గేటు ముందా! అమ్మా, ముందు నా మాట వినండి. తీగ దగ్గరికి ఎవర్నీ పోనివ్వొద్దు. కర్రతో కూడా తాకొద్దు. పక్కన స్తంభం మీద నంబరుంటుంది, దూరం నుంచే చదవండి. మూడు… ఒకటి… తొమ్మిది. సరే, ఫోను పెట్టేయకండి. లైన్‌మన్ అన్నా! మూడు వందల పంతొమ్మిది, స్కూలు ముందు, తీగ నేల మీద పడింది. ఆ లైను ఆపించు. తర్వాత కాదు, ఇప్పుడే. నేను లైన్లోనే ఉన్నాను. ఆపారా? సరిగ్గా చూసి చెప్పు. ఆ. అమ్మా, కరెంటు ఆపేశారు. అయినా మా మనిషి వచ్చేదాకా ఎవరూ అటు రాకూడదు. పిల్లల్ని వెనక గేటు నుంచి పంపమని హెడ్మాస్టరుకి చెప్పండి. నేను చెప్పానని చెప్పండి. ఉంటాను.”

“నిమిషం పట్టలేదు.”

“పట్టకూడదు.”

“మధ్యలో మీ హెడ్‌ఫోన్లోంచి ఏదో కీచుకీచుమంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.”

“మూడింతల వేగంతో చదువుతుంది. స్తంభం నంబరు కొట్టగానే ఏ లైనో, డ్యూటీలో ఎవరున్నారో చెప్పేసింది. మొదట్లో ఆ స్తంభాల పట్టిక చదవడం దానికి వచ్చేది కాదు. నేనే కూర్చుని నేర్పాను. లోపలేముందో అందరికీ విప్పి చూపించే సిస్టమ్ కాబట్టి నేర్పగలిగాను. మూసిపెట్టిన దానికి ఏం నేర్పుతాం? దండం పెట్టి ఊరుకోవడమే.”

“ఇవన్నీ పైవాళ్లకి ఎవరు చెప్తారక్కా?”

“మీరు.”

“నేనా?”

“పైనుంచి కిందికి ఇన్ని మోశారు. కింద నుంచి పైకి ఒక్కటి మోయండి.”

“నమస్తే సార్! నమస్తే మేడమ్! కొత్త సిస్టమ్ కంపెనీ నుంచి వచ్చాను. కింద వ్యాన్‌లో పన్నెండు సెట్లూ రెడీగా ఉన్నాయి. నాలుగో సీటు ఖాళీ అయిందా?”

“డబ్బా ఇక్కడే ఉంది బాబూ. మనిషీ ఇక్కడే ఉంది. ఒక్క నిమిషం, ఫోను. నమస్కారం, కరెంటు ఫిర్యాదులు. మీ ఇంట్లో పోయి పక్కింట్లో ఉందా? మెయిన్ స్విచ్ చూశారా? ఆపేసి ఉందా? ఎవరు ఆపారు? మీ ఆవిడా? ఎందుకు? ఓహో, మీరు టీవీ ముందు నుంచి లేవడం లేదనా? అయ్యా, అది మా శాఖ కిందికి రాదండీ. ఉంటాను. చెప్పు బాబూ.”

“ఇదిగో, ఇలాంటి కాల్సన్నీ ఇక మా సిస్టమే చూసుకుంటుంది మేడమ్. మనిషి మాట్లాడే పనే లేదు. సార్, ఈ ల్యాప్‌టాప్‌లో వినిపిస్తాను. మీరు వింటే డెమో రిపోర్టు రాసేసి, సెట్లు పైకి తెప్పిస్తాను. ‘నమస్కారం. మీ ఫిర్యాదు నమోదైంది. మీ ఫిర్యాదు సంఖ్య పన్నెండు.’ ఎలా ఉంది సార్?”

“బాగుంది. ఈ గొంతు ఎక్కడో విన్నట్టుంది.”

“విని ఉండరు సార్. మా ఇంజనీర్లు మూడేళ్లు కష్టపడి సొంతంగా తయారుచేశారు. అసలిది మనిషి గొంతే కాదు.”

“మనిషిది కాదా బాబూ?”

“కాదు మేడమ్. పూర్తిగా మెషీన్లో పుట్టింది.”

“అక్కా, ఎందుకు నవ్వుతున్నారు?”

“నవ్వేం కాదు, నాకూ దగ్గొచ్చింది. బాబూ, ఇంకో నంబరు చెప్పించు. నలభై ఏడు.”

“నలభై ఏడే ఎందుకు మేడమ్?”

“మా వీధి ట్రాన్స్‌ఫార్మరు నంబరు. ఎలా పలుకుతుందో వినాలని.”

“దానికేం భాగ్యం. ‘మీ ఫిర్యాదు సంఖ్య నలభై ఏడు.’”

“మధ్యలో టక్‌మంది.”

“ఏం లేదే.”

“మళ్లీ వినిపించు.”

“‘…సంఖ్య నలభై ఏడు.’”

“అవునక్కా, నాకూ వినబడింది. చెక్క మీద దేంతోనో కొట్టినట్టు. ఏమిటయ్యా అది?”

“ఓ, అదా సార్! అది… అది కావాలనే పెట్టాం.”

“కావాలనా?”

“ముద్ర సార్. రహస్య ముద్ర. రేపెవరైనా మా గొంతు కాపీ కొడితే పట్టుకోవాలి కదా. ఆ టక్కు ఎక్కడుంటే అది మా సరుకే. మామూలువాళ్లు కనిపెట్టలేరు. మేడమ్ చెవి చాలా పదును.”

“చెవులతోనే బతుకుతున్నాను మరి. సూపర్‌వైజర్ గారూ, ఇంత తెలివైన ఏర్పాటు డెమో రిపోర్టులో రాయకపోతే ఎలా? రాయండి. ‘నలభై ఏడులో ఆ టక్కు ఉన్న గొంతు ఎక్కడ దొరికినా, అది మొదట తయారుచేసినవాళ్లదే. వేరేవాళ్ల దగ్గరుంటే వాళ్లు కాపీ కొట్టినట్టే.’ అంతేనా బాబూ?”

“అక్షరాలా అంతే మేడమ్.”

“కింద సంతకం పెడతావా?”

“ఎందుకు పెట్టను? ఇదిగో సార్, కంపెనీ స్టాంపుతో సహా.”

“వేశాడా?”

“వేశాడక్కా. కానీ ఇదంతా ఎందుకు?”

“ఇప్పుడు హెడ్‌ఫోను తీగ పీకేస్తున్నాను. వేగం మామూలు మనుషుల వేగానికి దించుతున్నాను. ఇద్దరూ వినండి. ‘నలభై ఏడు.’”

“అక్కా! అదే గొంతు!”

“‘నలభై ఏడు.’”

“అదే టక్కు!”

“సార్, చూశారా? దొంగతనం! పట్టపగలు దొంగతనం! మా గొంతు ఈ డబ్బాలోకి ఎలా వచ్చింది? ఊరికే వచ్చే సిస్టములంటే ఇంతే సార్, అంతా దొంగ సరుకు. ఈ కంప్యూటరు సీజ్ చేయండి. పోలీసులకి రాయండి. నేను సాక్ష్యం చెప్తాను.”

“అక్కా… ఏమిటిది? ఏదైనా ఉంటే ముందే నాతో చెప్పొచ్చు కదా…”

“కంగారు పడకండి. బాబూ, మీ కంపెనీ పెట్టి ఎన్నేళ్లయింది?”

“అయిదు. దానికీ దీనికీ ఏం సంబంధం?”

“సూపర్‌వైజర్ గారూ, నా తెర వెలిగించే ఉంది. ఆ గొంతు ఫైలు పక్కన తేదీ ఉంటుంది. పైకి చదవండి.”

“ఆగండి, కళ్లజోడు… అక్కా, ఇది పంతొమ్మిదేళ్ల కిందటిది!”

“తేదీలు మార్చేయొచ్చు సార్!”

“నా కంప్యూటర్లో మార్చొచ్చు. చూపు లేనివాళ్లు వేలమంది ఇళ్లలో, స్కూళ్లలో, ఆఫీసుల్లో ఇదే ఫైలు ఇదే తేదీతో పెట్టుకున్నారు. ఇంటింటికీ వెళ్లి మార్చి వచ్చానంటావా? కర్ర పొడుచుకుంటూ? నువ్వు నా మీద పెట్టే కేసేమిటో తెలుసా బాబూ? నీ బిడ్డ పుట్టడానికి పద్నాలుగేళ్ల ముందే నేను ఎత్తుకుపోయానని.”

“అయితే… అయితే ఇది ఎవరి గొంతు?”

“బీరువాలో కూర్చుని చదివాను.”

“ఏమిటక్కా?”

“మా ఇంట్లో చెక్క బీరువా. బట్టలన్నీ తీసేసి, బయటి చప్పుడు రాకుండా లోపల బొంతలు వేలాడదీసి, తలుపేసుకుని, మూడు వేల వాక్యాలు చదివాను. రెండు నెలలు. నిండు ఎండాకాలం. మా అమ్మ గంటకోసారి వచ్చి ‘ఉన్నావా, పోయావా’ అని అరిచేది. నలభై ఏడు చదువుతుంటే ఒళ్లో పెట్టుకున్న చేతికర్ర జారి బీరువా తలుపుకి తగిలింది. మళ్లీ చదివే ఓపిక లేదు, చెమటకి చచ్చేలా ఉన్నాను. పోనీలే, ఎవరు పట్టించుకుంటారని వదిలేశాను. అదీ మీ ఇంజనీర్లు మూడేళ్లు కష్టపడి పెట్టిన రహస్య ముద్ర.”

“అందుకే ఎక్కడో విన్నట్టుందన్నాను!”

“అప్పుడు ఇరవై ఆరేళ్లదాన్ని. ఇప్పుడు మీ మీద అరిచి అరిచి బొంగురుపోయింది.”

“అంత కష్టం ఎందుకక్కా?”

“మీరప్పటికి చేరలేదు. నేను ఫోనెత్తితే పక్కన ఇంకొకరు కూర్చుని రాసిపెట్టేవారు. ఆ మనిషి సెలవు పెడితే నాకూ సెలవే. సగం ఆపరేటర్ని. మన భాషలో చదివి వినిపించే గొంతు ఏ కంప్యూటర్లోనూ లేదు. ఎవరో చేసిస్తారని చూసి చూసి, నాదే ఇచ్చేశాను. నాకొక్కదానికే కాదు, కావాల్సినవాళ్లందరికీ.”

“మేడమ్… సార్ కాస్త బయటికెళ్తే మనిద్దరం మాట్లాడుకుందాం.”

“ఆయన ఇక్కడే ఉంటారు.”

“సరే. ఎంత కావాలో చెప్పండి.”

“ఊరికే ఇచ్చినదానికి ధర అడుగుతానా? నువ్వు దొంగవి కాదు బాబూ. తీసుకోమని గుమ్మంలో పెట్టిందే తీసుకున్నావు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పక్కనే రెండు షరతులు రాసిపెట్టాం. పేరు చెరపొద్దు. మార్చినదాన్ని ఎవరికిస్తే వాళ్లకి లోపలంతా విప్పి చూపించాలి. నువ్వు పేరూ చెరిపావు, పెట్టెకి తాళమూ వేశావు. ఇప్పుడు నా గొంతు ఊరందరితో మాట్లాడుతుంది. నాతో ఒక్కదానితో మాట్లాడదు. మాట్లాడదని చెప్పి నన్ను సీటులోంచి లేచి వెళ్లమంటుంది!”

“అదంతా పై లెవెల్లో జరిగింది మేడమ్, నాకు తెలియదు…”

“మీకూ ఒక పై ఉందన్నమాట. వాళ్లకి ఫోన్ చెయ్. తాళం తీయమను. నీ సిస్టమ్‌కి చూపు లేనివాళ్లతో మాట్లాడటం నేనే నేర్పుతాను. ఇదే సీటులో కూర్చుని.”

“కుదరదు. అరవై ఆఫీసులకి అమ్మాం. తాళం తీస్తే మా దగ్గర మిగిలేదేముంది?”

“అయితే వ్యాన్ వెనక్కి తిప్పించు.”

“మీరు చెబితేనా? మీరు ఆపరేటరు. సార్, ఆర్డరు మీ చేతిలో ఉంది. ఆరు గంటలకి ఈ డబ్బా లేవకపోతే రిపోర్టు మీ మీదే వెళ్తుంది. పోయేది ఈమె సీటు కాదు, మీది. ఆలోచించుకోండి.”

“అక్కా…”

“నా వైపు చూడకండి. నాకు ఎలాగూ కనబడదు.”

“నన్నేం చేయమంటారు?”

“నేనేమీ అనను. నేను సంతకం పెట్టను, అంతే. లేపాలంటే మోసుకెళ్లి పడేయండి. మిగతాది మీ ఇష్టం.”

“చూశారా సార్ ఆ పొగరు? పిలవమంటారా మా వాళ్లని? మోసేస్తారు.”

“ఒక్క నిమిషమయ్యా. నువ్వు స్టాంపు వేసిన కాగితం నా దగ్గరుంది కదా.”

“అది… అది ఇచ్చేయండి సార్. కొత్తది రాసుకుందాం.”

“‘మొదట తయారుచేసినవాళ్లదే. వేరేవాళ్ల దగ్గరుంటే వాళ్లు కాపీ కొట్టినట్టే.’ కింద నీ సంతకమేగా? దీన్ని ఈ ఆర్డరు వెనకాల పిన్ను కొట్టి పైకి పంపుతున్నాను. నాలుగో సీటు లేవదని నా ముక్క కూడా రాస్తాను.”

“సార్, తొందరపడుతున్నారు. ఆలోచించండి.”

“పన్నెండేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ‘పైనుంచి వచ్చింది’ అనీ అనీ నోరు పుండైపోయింది. సెట్లు ఒక్కటి కూడా పైకి ఎక్కకూడదు. మెట్లు అటు.”

“చూస్తాను సార్. మీ ఇద్దర్నీ చూస్తాను.”

“ఆయన్ని చూడు బాబూ. నన్ను వింటే చాలు.”

“నా ల్యాప్‌టాప్ ఇటివ్వండి సార్, వెళ్తున్నాను.”

“తలుపు చప్పుడైంది. వెళ్లాడా?”

“వెళ్లాడు. అక్కా, ఆర్డరుకి పిన్ను కొట్టేశాను.”

“కొట్టండి. కింద నుంచి పైకి మోయడం ఇవాళ్టికి మొదలుపెట్టారు.”

“నవ్వకండి. మిగతా సీట్లలోని పాత సిస్టమ్‌కి కంపెనీ ఇచ్చిన గడువు ఈ నెలాఖరుతో సరి. కొత్తదాన్ని మెట్లు దింపేశాను. మీ సీటు నిలబడింది సరే, మిగతా పదకొండు సీట్ల గతేమిటి? రేపు పొద్దున్నే పైవాళ్లు అడుగుతారు. ఏం చెప్పను?”

“ఏం చెప్పాలనుంది?”

“దూకినవాణ్ని దూకాను, ఇక లోతు చూసి లాభమేముంది? ఉన్నమాట అడుగుతాను, చెప్పండి. ఆ పదకొండింటికీ మీ సిస్టమ్ ఎక్కించాలంటే ఎన్నాళ్లు పడుతుంది?”

“అవన్నీ గాలివాన మర్నాడే మొదలుపెట్టి ఎక్కించేశాం సూపర్‌వైజర్ గారూ, వారానికొకటి చొప్పున, మీరు బెంబేలెత్తుతారని తెర మీద పాత బొమ్మే ఉంచమన్నారు మిగతా ఆపరేటర్లు. ఇక మిగిలింది మీ గదిలోదొక్కటే.”